పాత బాణీకి చుట్టుదారి

సెర్గేయ్ రాఖ్మానినోవ్ ‘ఆల్ నైట్ విజిల్’ వింటుంటే ఏ మధ్యయుగపు మఠంలోనో సాగుతున్న ప్రార్థన అనిపిస్తుంది. అది పుట్టింది మాత్రం 1915లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా. అందులోని ప్రాచీనత తాతముత్తాతల నుంచి చేతులు మారుతూ వచ్చిన ఆస్తి కాదు. మరుగున పడితే పండితులు వెతికి తీసింది.

రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో వాద్యాలకు చోటు లేదు. పూర్వం అందరూ ఒకే వరసలో పాడే జ్నామెన్నీ బాణీ ఉండేది. 17వ శతాబ్దంలో ఉక్రెయిన్, పోలండ్‌ల మీదుగా బహుస్వర గానం వచ్చింది. ఆ తర్వాత ఇటలీ మోజు. ఇటాలియన్ స్వరకర్త గాలుప్పీ శిష్యుడు బోర్త్‌న్యాన్‌స్కీ 1796లో పీటర్స్‌బర్గ్ ఆస్థాన గాయక బృందానికి అధిపతి అయ్యాడు. పిమ్మట ల్వోవ్ పాత బాణీలకు జర్మన్ పద్ధతి హార్మొనీ తొడిగాడు. చర్చిలో ఏది పాడాలో, ఏది అచ్చు వేయాలో కూడా ఆ ఆస్థాన బృందమే తేల్చేది.

ఆ పెత్తనానికి గండి పడింది చైకోవ్‌స్కీ వల్ల. 1878లో ఆయన రాసిన ‘లిటర్జీ’ ప్రతులను జప్తు చేస్తే, ప్రచురణకర్త యుర్గెన్‌సన్ కోర్టుకెక్కి గెలిచాడు. నన్నడిగితే ఆ సంగీతం కన్నా ఆ తీర్పే రష్యన్ చర్చి గానానికి ఎక్కువ మేలు చేసింది.

1889లో పండితుడు స్మొలెన్‌స్కీ చర్చి గానం నేర్పే మాస్కో సినోడల్ బడి పగ్గాలు పట్టాక గాలి మళ్లింది. కొక్కేల్లాంటి గుర్తులతో రాసిన పాత స్వరలిపిని ఆయన చదివి, చదవడం నేర్పాడు. స్వరకర్త కస్తాల్‌స్కీ ఆ బాణీలకు జానపదుల బృందగానపు పోకడలు కలిపాడు. రాఖ్మానినోవ్ తన రచనను అంకితమిచ్చింది స్మొలెన్‌స్కీ స్మృతికే.

అందులోని పదిహేను భాగాల్లో కొన్నిటికి జ్నామెన్నీ, కీవ్, గ్రీకు బాణీలే ఆధారం. మిగిలినవాటికి పాత మూలం లేదు. వాటిని కావాలని చేసిన నకిలీలని ఆయనే ఒప్పుకున్నాడు. ఏది పాతదో ఏది కొత్తదో చెవికి చిక్కదు. గొంతులు గుంపులుగా చీలి, కొందరు నోరు మూసి హమ్ చేస్తుంటే, వాద్యం ఒక్కటీ లేకుండానే ఆర్కెస్ట్రా నిండుదనం వస్తుంది. ఐదో భాగం చివర బేస్ గొంతులు మంద్రంలో మెట్టు మెట్టుగా దిగిపోతాయి. అంత కిందికి దిగే గాయకులను ఎక్కడ తేవాలని సినోడల్ బృందం నిర్వాహకుడు దనీలిన్ తల పట్టుకున్నాడట. చివరికి దొరికారు. ఆ భాగాన్ని తన అంత్యక్రియల్లో పాడాలని రాఖ్మానినోవ్ కోరుకున్నాడు.

మాస్కోలో తొలి ప్రదర్శనకే జనం విరగబడ్డారు. మూడేళ్లు తిరక్కముందే రాఖ్మానినోవ్ దేశం విడిచాడు. 1918లో సినోడల్ బడి మూతపడింది. సోవియట్ కాలంలో స్వెష్నికోవ్ బృందం ‘ఆల్ నైట్ విజిల్’ను రికార్డు చేసేసరికి 1965 వచ్చింది.