తిమింగల సొర సంరక్షణలో ‘వ్హాలీ’ ప్రచారం: ఒక పేరు మార్పు చరిత్ర

వ్యాస సంగ్రహం:
గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో 2004లో మొదలైన తిమింగల సొర సంరక్షణ ప్రచారం, చట్టానికి ప్రజామోదం కూర్చడంలో భాష, ఆచారం నిర్వహించిన పాత్రకు మంచి ఉదాహరణ. ఆ ప్రచార నేపథ్యాన్ని, పద్ధతిని, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: తిమింగల సొర, సౌరాష్ట్ర, మత్స్యకారులు, ప్రజావిద్య, నామకరణం.

1. ఉపోద్ఘాతం:
పేరులో తిమింగలం ఉన్నా తిమింగల సొర క్షీరదం కాదు. మొప్పలతో శ్వాసించే చేప. ప్రపంచంలోని చేపలన్నింటిలోనూ పెద్దది. నీటిని వడపోసి ప్లవకాలను, చిరుచేపలను తింటుంది. మనుషులను వేటాడదు. నెమ్మదిగా, నీటి ఉపరితలానికి దగ్గరగా ఈదే స్వభావం వల్ల వేటగాళ్లకు సులభంగా చిక్కేది.

2. వేట నుంచి చట్టం వరకు:
సౌరాష్ట్ర మత్స్యకారులు ఈ చేపను ‘బ్యారల్’ అనేవారు. గాలానికి చిక్కిన చేప లోతుకు పోకుండా తాళ్లకు పీపాలు కట్టేవారు. అలా వేట పనిముట్టే వేటకు గురైన ప్రాణికి పేరయింది. దాని కాలేయపు నూనెను చెక్క పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. 1990లలో మాంసానికి విదేశీ గిరాకీ పెరగడంతో వేట వ్యాపారస్థాయికి చేరింది. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ డాక్యుమెంటరీ ఈ వధను లోకానికి చూపింది. 2001లో భారత ప్రభుత్వం ఈ చేపను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ రక్షణ పొందిన తొలి చేప ఇదే.

3. ‘బ్యారల్’ నుంచి ‘వ్హాలీ’కి:
నిషేధం అమలులోకి వచ్చినా దాని కారణం తీరగ్రామాలకు చేరలేదు. ఈ లోటును పూరించడానికి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ తదితర సంస్థలు 2004లో ప్రచారం చేపట్టాయి. రామకథా ప్రవచనకారుడు మొరారీ బాపు దానికి ముఖ్య ప్రచారకర్త. ఆయన ఈ చేపను ‘వ్హాలీ’ అన్నారు. గుజరాతీలో ఆ మాటకు ప్రియమైనది అని అర్థం. దూరసముద్రాల నుంచి వచ్చే వ్హాలీ, పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు వంటిదన్నది ప్రచార సారాంశం. వీధినాటకాలు, నిలువెత్తు గాలిబొమ్మలు ఈ భావాన్ని ఊరూరా చేర్చాయి. తొలి కాన్పు పుట్టింట జరగాలన్న ఆచారం తెలుగువారికీ ఉన్నదే కనుక, ఈ పోలిక బలం తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. వేటను నేరమన్నది చట్టం. ఇంటి ఆడబిడ్డకు చేసే ద్రోహమన్నది ప్రచారం.

4. వల వెల:
భావన ఒక్కటే సరిపోలేదు. వలలో చిక్కిన చేపను ప్రాణాలతో విడిచిపెట్టాలంటే వల కోయాలి. వల పోతే మత్స్యకారుని జీవనాధారం దెబ్బతింటుంది. అందువల్ల అటవీశాఖ వల నష్టానికి పరిహారం ఏర్పాటు చేసింది. అధికారులు వచ్చేవరకు ఆగకుండా, వల కోసిన దృశ్యాన్ని మత్స్యకారులే ఫొటో తీసి ఆధారంగా చూపే వీలు తర్వాత కలిగింది. వందలాది చేపలు ఇలా తిరిగి సముద్రానికి చేరాయి. మత్స్యకారుని మాటకు సాక్ష్యపు విలువ దక్కడం ఇందులో గమనార్హం.

5. పోలిక పరిమితి:
తిమింగల సొర గుడ్లు పెట్టదనీ, పిల్లలను కంటుందనీ 1995లో తైవాన్ వద్ద దొరికిన ఆడచేప వల్ల స్పష్టమైంది. దాని గర్భంలో సుమారు 300 పిండాలు కనిపించాయి. అయినా సౌరాష్ట్రను ‘పుట్టిల్లు’ అనడం ఉపమానమే తప్ప శాస్త్ర నిర్ధారణ కాదు. ఉపమానాన్ని రుజువుగా బోధిస్తే, రేపు పరిశోధన మరొకటి చెప్పినప్పుడు ప్రచారం మీదే నమ్మకం సడలుతుంది.

6. ముగింపు:
2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరానికి వచ్చిన తిమింగల సొరను అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. తెలుగు తీరానికీ ఈ ప్రాణి అతిథే. అయితే ‘వ్హాలీ’ని అనువదించి ఇక్కడ వాడుకోవడం కంటే, ఉత్తరాంధ్ర మత్స్యకారుల పలుకుబడిలో, నమ్మకాల్లో దానికి ఉన్న స్థానాన్ని ముందుగా సేకరించడం అవసరం. జానపద విజ్ఞాన పరిశోధకులు చేయవలసిన పని ఇది. నష్టపరిహారం, స్థానిక సాక్ష్యం, సొంత భాషలోని పేరు అనే మూడూ కలిసినప్పుడే సౌరాష్ట్రలో ప్రజావిద్య ఫలించిందని ఈ చరిత్ర తెలుపుతున్నది.