చలనచిత్రాల జూనియర్ నవల

జూనియర్ నవల అనగా ఒక చలనచిత్ర కథను సుమారు ఎనిమిది నుండి పన్నెండు సంవత్సరాల వయసు గల పాఠకుల కోసం గద్యంలో తిరిగి చెప్పే పుస్తకం. ఆంగ్లంలో, ముఖ్యంగా అమెరికాలో, అంతరిక్ష సాహస చిత్రాలకు, సూపర్ హీరో చిత్రాలకు ఇటువంటి పుస్తకాలు విరివిగా వెలువడ్డాయి. సినిమా కథను నవలగా వ్రాయడం తెలుగువారికి కొత్త కాదు. తెలుగులో వీటిని వెండితెర నవలలు అంటారు. ముళ్ళపూడి వెంకటరమణ వంటి ప్రసిద్ధ రచయితలు వీటిని వ్రాసారు. అయితే జూనియర్ నవల పిల్లల కోసమే ఉద్దేశించినది. పెద్దల కోసం అదే చిత్రానికి వేరొక నవల ఉండటం కూడా కద్దు.

తొలి రచనలు

సూపర్ హీరో కథను పిల్లల నవలగా మలచడం సినిమాలతో మొదలు కాలేదు. సూపర్‌మ్యాన్ రేడియో ధారావాహికకు పనిచేసిన జార్జ్ లోథర్ 1942లో "ది అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్" అనే నవల వ్రాసాడు. దీనికి సూపర్‌మ్యాన్ సృష్టికర్తలలో ఒకడైన జో షుస్టర్ బొమ్మలు వేసాడు. 1939 నాటి పత్రికా చిత్రకథలో కథానాయకుని తల్లి పేరు లోరా. లోథర్ ఆమెను లారా అన్నాడు. తండ్రి పేరు చివర ఒంటి అక్షరంగా ఉన్న "ఎల్"ను రెండక్షరాలుగా వ్రాసాడు (తెలుగు లిపిలో ఈ తేడా కనిపించదు). తరువాత ఈ రూపాలే స్థిరపడ్డాయి. 1978 నాటి సూపర్‌మ్యాన్ చిత్రంలో మార్లన్ బ్రాండో ధరించిన పాత్ర పేరు జోర్-ఎల్, అతని భార్య పేరు లారా. ఒక పిల్లల పుస్తకం మూలకథనే సవరించిన సందర్భమిది.

1978 చిత్రంతో పాటు వెలువడిన ఎలియట్ ఎస్. మాగిన్ నవల "లాస్ట్ సన్ ఆఫ్ క్రిప్టాన్" చిత్రకథకు అనుసరణ కాదు, స్వతంత్ర రచన. 1984లో వచ్చిన సూపర్‌గర్ల్ చిత్రాన్ని మాత్రం కిశోర సాహిత్య రచయిత్రి నార్మా ఫాక్స్ మేజర్ నవలగా వ్రాసింది.

సినిమా కంటే ముందే పుస్తకం

పుస్తకం సినిమా విడుదల సమయానికి అంగడిలో ఉండాలి కాబట్టి రచయిత సాధారణంగా పూర్తయిన చిత్రాన్ని చూడకుండా, చిత్రానువాదాన్ని చదివి వ్రాస్తాడు. అందువలన ఎడిటింగులో తీసివేసిన సన్నివేశాలు పుస్తకంలో మిగిలిపోతుంటాయి. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ స్టార్ వార్స్. చిత్రం 1977 మే 25న విడుదలైతే నవల 1976 చివరలోనే వెలువడింది. లూక్ తన స్నేహితుడు బిగ్స్‌ను టాటూయిన్ గ్రహంపై కలుసుకొనే సన్నివేశం సినిమా నుండి తొలగించబడినా నవలలో ఉంది. చివరి యుద్ధంలో లూక్ దళం సినిమాలో ఎరుపు, పుస్తకంలో నీలం. ఇది పిల్లల కోసమే వ్రాసినది కాదు. ఆ చిత్రానికి రైడర్ విండమ్ వ్రాసిన జూనియర్ నవల 2004లో వచ్చింది.

వయసు సమస్య

జూనియర్ నవలకు అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. అమెరికాలో 1984లో ప్రవేశపెట్టిన పీజీ-13 వర్గీకరణ, పదమూడేళ్ళ లోపు పిల్లలకు కొన్ని దృశ్యాలు తగకపోవచ్చునని తల్లిదండ్రులను హెచ్చరిస్తుంది. ఈ శైలి చిత్రాలలో చాలావాటికి ఈ వర్గీకరణే లభిస్తుంది. అంటే ఏ పిల్లలకు సినిమా తగకపోవచ్చునని చెబుతారో, ఆ వయసువారికే దాని కథను పుస్తకంగా అందిస్తారు.

స్టార్ వార్స్ చిత్రాలలో ఈ వర్గీకరణ పొందిన మొదటిది "రివెంజ్ ఆఫ్ ది సిత్" (2005). దీనిని పెద్దలకు మాథ్యూ స్టోవర్, పిల్లలకు పాట్రీషియా సి. రీడ్ వేర్వేరుగా నవలలుగా వ్రాసారు. నాయకుడే పసివారిని చంపి, చివరకు లావా ఒడ్డున కాలిపోయే కథ ఇది. ఆ ఘట్టాలను తీసివేస్తే కథ నిలవదు. ఇటువంటి చోట గద్యం కొంత వెసులుబాటు ఇస్తుంది. తెరపై కళ్ళకు కట్టేదాన్ని ఒక వాక్యంలో చెప్పి దాటవచ్చు.

దాటడానికి వీలులేనివీ ఉంటాయి. "గార్డియన్స్ ఆఫ్ ది గాలక్సీ" (2014) చిత్రం 1988లో ఒక ఆసుపత్రిలో మొదలవుతుంది. మరణశయ్యపై ఉన్న తల్లి చేయి చాచినా, బాలుడైన పీటర్ క్విల్ భయంతో పట్టుకోలేకపోతాడు. పతాక సన్నివేశంలో గమోరా చాచిన చేతిలో అతనికి తల్లి చేయి కనిపిస్తుంది, ఈసారి పట్టుకుంటాడు. మొదటి దృశ్యాన్ని మెత్తబరిస్తే చివరిదానికి అర్థం ఉండదు. ఇదే కథలో చెట్టు రూపంలోని గ్రూట్ తన పేరు చెప్పే ఒకే వాక్యాన్ని పదేపదే పలుకుతాడు. తెరపై స్వరభేదంతో తెలిసే భావాన్ని పుస్తకంలో రాకెట్ ఇచ్చే సమాధానాల ద్వారానో, వర్ణన ద్వారానో తెలపాలి. కథకు ప్రాణమైన క్యాసెట్ పాటలదీ ఇదే పరిస్థితి. పుస్తకంలో అవి వినిపించవు, వాటి సాహిత్యం ముద్రించాలంటే విడిగా అనుమతి కావాలి.

కొన్నిసార్లు ప్రచురణకర్తలు చిత్రకథతో పాటు దాని పూర్వకథను కూడా వ్రాయిస్తారు. "కెప్టెన్ మార్వెల్" (2019)కు స్టీవ్ బెలింగ్ జూనియర్ నవల వ్రాయగా, లైజా పామర్ నాయిక వాయుసేన శిక్షణ రోజులపై కిశోర పాఠకులకు వేరొక నవల వ్రాసింది.

రచయితల స్థితి

సాధారణంగా పాత్రలపైన, కథపైన హక్కులు చిత్ర సంస్థవే. స్టార్ వార్స్ నవలను అలాన్ డీన్ ఫోస్టర్ వ్రాసినా, ముఖపత్రంపై జార్జ్ లూకాస్ పేరే ఉండేది. లూకాస్‌ఫిల్మ్‌ను 2012లో డిస్నీ కొనుగోలు చేసింది. ఈ నవలకు రాయల్టీ తనకు అందడం లేదని ఫోస్టర్ 2020 నవంబరులో బహిరంగంగా ప్రకటించాడు. అమెరికా వైజ్ఞానిక కల్పనా రచయితల సంఘం ఆయన పక్షాన నిలబడింది.