మతిమరుపుకి జీడిగింజ

చాకలివాళ్ళు బట్టలకి చెరగని గుర్తు పెట్టే నల్లజీడిగింజ ఉంది చూశారూ, మన దేశపు ఆ గింజనే పారశీక హకీములు ‘బలాదుర్’ అని పిలిచి మతిమరుపుకి మందుగా వాడారు. గుడ్డమీద చెరగంది బుర్రలోనూ చెరగదనుకున్నారు కాబోలని మొదట నవ్వుకున్నాను.

వాళ్ళ లెక్క వేరు. బుఖారా దగ్గర 980లో పుట్టిన ఇబ్న్ సీనా తన ‘కానూన్’ వైద్యగ్రంథంలో జ్ఞాపకశక్తిని మెదడు వెనకగదిలో ఉంచాడు. అక్కడ చల్లదనం, తేమ చేరితే విన్నదీ కన్నదీ నీటిమీద గీతే. అందుకని వేడిచేసి ఆరబెట్టే మందులు కావాలి. కుందుర్ అనే వాసనబంక అలాంటిది. ఈ గింజ కలిపిన లేహ్యాలూ అలాంటివే.

జీడిరసం వంటికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది. ఇక మింగితే? ఇబ్న్ సీనా పుట్టకముందే, 892లో పోయిన బాగ్దాదు చరిత్రకారుడు అల్ బలాదురీకి ఆ పేరు దీనివల్లే వచ్చిందంటారు. జ్ఞాపకం పెరగాలని తాగి, మతి చలిస్తే కట్టేయవలసి వచ్చిందట. తాగింది ఆయన కాదు, తాతగారన్నవాళ్ళూ ఉన్నారు.

మా నాన్నగారు చివరి రెండేళ్ళూ నన్ను “తమరెవరండీ?” అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఈ కథంతా తెలిసి కూడా, అప్పుడెవరైనా ఆ లేహ్యం తెచ్చి చేతిలో పెట్టి ఉంటే వద్దనేవాణ్ణని చెప్పలేను.