టేకు పడవకు తొలి పూత

డోర్నకల్ జంక్షన్ పేరు వింటే బొగ్గు బండి గుర్తొస్తుంది గానీ పడవ గుర్తుకు రాదు. అయితే ఇక్కడ కొత్తగూడెం వైపు చీలిన రైలుదారి భద్రాచలం గోదావరికి చేరువగా తీసుకెళ్తుంది. పట్టాలు పడకముందు ఆ నదీతీరపు అడవుల టేకును మోసింది గోదావరే. దుంగలను తెప్పలుగా కట్టి వరద మీద రాజమహేంద్రవరానికి దింపేవారు. ఇంకా దిగువన, సముద్రం అంచున ఉన్న కోరంగిలో ఆ కలప ఓడలయ్యేది.

ఎగువ గోదావరిలో పడవకు సీజన్ అంటే వరదే. మధ్య పరగణాల పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. 1860లలో హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరిగింది, రైలు పోటీకొచ్చింది. 1871లో పని ఆపేశారు.

వరద తీశాక ఒడ్డున ఉండిపోయిన పడవకు ఎండే శత్రువు. పలకలు ఎండి కుంచించుకుపోతాయి, సందులు నోరు తెరుస్తాయి. అందుకే చెక్క పడవను నీళ్లలోకి దించే ముందు ప్రతి సందులోనూ నార కూరి, గుగ్గిలం నూనెతో కాచి పూస్తారు. నీళ్లు తగిలాక పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. పడవ కట్టినవాళ్ల గురించి పుస్తకాలు అంతో ఇంతో చెప్తాయి. ఈ నార కూరిన చేతుల గురించి దాదాపు ఏమీ చెప్పవు. అది అన్యాయం. ఆ పని సరిగా చేయకపోతే ఎంత మంచి టేకైనా నీళ్లు తాగుతుంది.

ఉప్పునీటికి వెళ్తే గండం వేరు. పేరుకు ఓడపురుగే గానీ టెరెడో నిజానికి ఆల్చిప్పల చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనని రంధ్రం చేసి చెక్కలో దూరుతుంది, లోపలే పెరుగుతూ సొరంగం తవ్వుకుంటుంది. పైకి పలక బాగానే కనిపిస్తుంది, లోపల జల్లెడ. ఒకసారి దూరాక పూతతో దాన్ని బయటికి రప్పించలేం. కాబట్టి కొత్త పడవకు తొలి పూత తొలి ప్రయాణం కంటే ముందే పడాలి. చేపనూనె, గుగ్గిలం, సున్నం మన తీరాల్లో ఆ పనికి వాడినవే. మంచినీళ్లలో ఈ పురుగు ఎక్కువకాలం బతకలేదు, కాబట్టి నదీముఖంలో ఉన్న రేవుకు అదొక వరం.

కోరంగిలో 1802లో ఎబెనేజర్ రోబక్ డ్రై డాక్ కట్టించాడు. ఓడ అడుగును పూర్తిగా ఆరబెట్టి, గీకి, పూత పూయడానికి అలాంటి చోటు కావాలి. అప్పటికే బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున రాగి రేకులు వేయిస్తోంది. 1761లో అలారం అనే నౌకపై తొలిసారి పరీక్షించిన పద్ధతి అది. రాగి పురుగును అడ్డుకుంది గానీ తుపానును ఏదీ అడ్డుకోలేదు. డాక్ కట్టకముందే, 1789లో వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచింది. 1839 నవంబరు తుపాను మళ్లీ చావుదెబ్బ కొట్టింది.

రాగి మాత్రం పోలేదు. ఓడ అడుగున గుల్లలూ నాచూ పట్టకుండా పూసే నేటి యాంటీఫౌలింగ్ రంగుల్లో ఎక్కువగా ఉండేది రాగి ఆక్సైడే. మధ్యలో ట్రైబ్యూటైల్ టిన్ కలిపిన రంగులు వచ్చాయి. గుల్లలను చంపడంలో బ్రహ్మాండంగా పనిచేశాయి గానీ సముద్రంలోని నత్తలకూ ఆల్చిప్పలకూ చేటు తెచ్చాయి. వాటిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. కొచ్చిలో 1957లో పుట్టిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పడవల కలపను కాపాడే రసాయనాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది.

కోరంగి పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవల పని ఈ కాలం దాకా సాగింది. ఫైబర్ పడవకు టెరెడో బెడద లేదు గానీ గుల్లలూ నాచూ దానికీ పడతాయి. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది. కాకినాడ రేవులో పాత పడవలు గీకించుకునేదీ, కొత్తవి తొలి పూత పూయించుకునేదీ ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే.