పశువుల వైరస్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందా? పాడి రైతులు తెలుసుకోవలసిన విషయాలు

ఐనవిల్లి మండలంలో కొబ్బరి తోటల్లోనూ, గోదావరి లంకల్లోనూ ఆవులు, గేదెలు పెంచే కుటుంబాల్లో పాలు పితకడం, కుడితి పెట్టడం, పేడ తీయడం చాలావరకు ఆడవారి పనే. అందుకే "ఆవు పాలతో రొమ్ము క్యాన్సర్ వస్తుందట" అనే మాట వింటే ఇంట్లో భయం పుడుతుంది. ఇందులో నిజమెంతో చూద్దాం.

అనుమానం ఎలా మొదలైంది?

తల్లి ఎలుక పాల ద్వారా పిల్లలకు రొమ్ము క్యాన్సర్ కారకం చేరుతుందని 1936లో అమెరికా శాస్త్రవేత్త జాన్ బిట్నర్ చూపారు. అది వైరస్ అని తరువాత తేలింది. పశువుల్లో బోవైన్ ల్యుకేమియా వైరస్‌ను 1969లో గుర్తించారు. ఇది రక్తంలోని తెల్లకణాలకు సోకుతుంది. గేదెలకూ రావచ్చు. సోకిన పశువుల్లో ఎక్కువ వాటికి ఏ లక్షణమూ కనిపించదు. నూటికి అయిదింటిలోపే గడ్డలు వస్తాయి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెర్‌ట్రూడ్ బ్యూరింగ్ బృందం 2015లో 239 మంది మహిళల రొమ్ము కణజాలంపై ఫలితాలు ప్రకటించింది. క్యాన్సర్ ఉన్నవారిలో 59 శాతం మందిలో, లేనివారిలో 29 శాతం మందిలో ఈ వైరస్ జన్యుపదార్థం కనిపించింది. చైనాలో జరిగిన మరో పరిశోధనలో, క్యాన్సర్ గడ్డల జన్యుక్రమాలను పూర్తిగా పరిశీలించిన ఇంకో పరిశోధనలో ఇది కనిపించలేదు. వైరస్ ఉండటం వేరు, అదే జబ్బు తేవడం వేరు. ఈ వైరస్ రొమ్ము క్యాన్సర్ తెస్తుందని గానీ, పాల ద్వారా మనిషికి సోకుతుందని గానీ ఇంతవరకు రుజువు కాలేదు.

పాల విషయంలో

• పాలు పొంగేదాకా కాచి తాగండి. కాచినా, పాశ్చరైజ్ చేసినా ఈ వైరస్ నశిస్తుంది.
• గుమ్మపాలు, పచ్చిపాలు తాగవద్దు, పిల్లలకు పట్టవద్దు. వాటితో క్షయ, బ్రూసెల్లోసిస్ మనుషులకు సోకుతాయన్నది రుజువైన విషయం.
• భయపడి పాలు మానేయడం, పశువును తెగనమ్మడం అవసరం లేదు.

పశువుల విషయంలో

ఈ వైరస్ ముఖ్యంగా రక్తం ద్వారా పాకుతుంది. దీనికి మందు లేదు. కాబట్టి:

• ప్రతి పశువుకూ కొత్త సూది వాడమని అడగండి.
• చూడి పరీక్షకు పశువు పశువుకూ గ్లౌజు మార్చాలి.
• కొమ్ములు తీసే, చెవి పోగులు వేసే పరికరాలను ప్రతిసారీ శుభ్రం చేయాలి.
• పాకలో పేడ, మురుగు నిల్వ లేకుండా చూసి జోరీగలను అదుపు చేయండి.
• మెడ, భుజం, డొక్క దగ్గర బిళ్లలు కట్టినా, పశువు కారణం లేకుండా చిక్కిపోతున్నా పశువైద్యునికి చూపండి. 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.
• 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు బ్రూసెల్లోసిస్ టీకా వేయించండి.

ఇంటి ఆడవారి విషయంలో

మన దేశ మహిళల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. వయసు, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉండటం, అధిక బరువు, మద్యం దీనికి తెలిసిన కారణాలు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం కనిపిస్తే నొప్పి లేదని ఊరుకోవద్దు. మొదట్లో చాలా గడ్డలకు నొప్పి ఉండదు. 30 ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రొమ్ము పరీక్ష చేయించుకోవాలి.

పశువు నలతగా ఉంటే ఆ రోజే డాక్టరును పిలుస్తాం. పాలు పితికే మనిషి విషయంలోనూ అంతే తొందర అవసరం.