కరువులో లేచిన రాతి గుడి

శతాబ్ది సంచికకు మెదక్ కెథడ్రల్ గురించి రాయమని సంఘ పెద్దలు అడిగారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం సుమారు 175. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ. ఇవన్నీ మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. నాకు రాయి గురించీ, దాన్ని మోసినవాళ్ల గురించీ రాయాలని ఉంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు సికింద్రాబాద్‌లో సైనికులకు బోధకుడిగా వచ్చి, పల్లె జనం మధ్య పనిచేయాలని మెదక్ చేరారు. ఆయన ఈ గుడి తలపెట్టిన రోజులు కరువు రోజులు. వానలు లేవు, చేలు ఎండాయి, పైగా యూరప్‌లో యుద్ధం. ఊరికే పెట్టే దానం నిలవదని, జనానికి పని చూపి అన్నం పెట్టారు. మా నాయనమ్మ అప్పుడు పదేళ్ల పిల్ల. తట్టలు మోసేది. పొద్దుగూకితే ఇంటిల్లిపాదికీ ఇంత గట్క దొరికేదని, ఆ పని లేకుంటే మేమెవరమూ లేకపోదుమని చెప్పేది.

నమూనా ఇంగ్లండుది, గోథిక్ పద్ధతి. రాయి మాత్రం ఈ నేలది. మన గుట్టల్లో ఎటు చూసినా కనిపించే బూడిదరంగు రాయినే కొట్టి, చెక్కి, డంగు సున్నంతో పేర్చారు. లోపలి స్తంభం మీద ఒకసారి అరచేయి ఆనించి చూడండి. రాయికీ రాయికీ మధ్య అతుకు గోటికి తగలదు. అంత గట్టి రాయిని అంత నున్నగా దిద్దింది ఆకలితో పనిలోకి వచ్చిన చేతులే. పైకప్పు లోపల గుల్లగా, మెత్తగా ఉండే పదార్థం వాడటంవల్ల ఇంత పెద్ద హాలులోనూ మాట ప్రతిధ్వనించదు. నేల మీది పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, ఇటలీ మేస్త్రీలు పరిచారు.

రంగు అద్దాల కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. ఎండ పడితేనే ఆ బొమ్మలు కళ్లు తెరుస్తాయి, చీకటి పడ్డాక వెళ్తే ఏమీ కనిపించదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఈ గుడి మెదక్ డయాసిస్‌కు పీఠమైంది. తర్వాతి దశాబ్దాలు ఆరాధనలతో, మరమ్మతులతో, ప్రతి డిసెంబరు జనసంద్రంతో గడిచాయి.

సంచికలో దాతలకూ, గురువులకూ, గాయకబృందానికీ, గుడి ఊడ్చే అక్కలకూ వందనాలు చెప్పాలన్నారు, చెబుతున్నాను. అయితే నా మనసులో మాట కూడా రాయనివ్వండి. దొర పేరు, అద్దాలు చేసిన చిత్రకారుడి పేరు ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి. రాయి కొట్టినవాళ్లు, సున్నం నూరినవాళ్లు, తట్టలు మోసిన ఆడవాళ్లు మాత్రం ఎప్పుడూ ‘కూలీలు’ అన్న ఒక్క మాటలోనే కలిసిపోతారు. పెద్దలు బతికుండగా అడిగి రాసుకోలేదు. నూరేళ్లు మనకిది పట్టలేదన్న బాధ నాకుంది.

మీ ఇంట్లో తాతో ముత్తవ్వో ఈ పనిలో ఉంటే, వాళ్ల పేరు, ఊరు, చేసిన పని ఒక కాగితం మీద రాసి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. సంచిక మలిముద్రణలో ఆ పేర్లు ముందు పేజీల్లో వేయాలని కమిటీని కోరుతున్నాను.