మెదడు వాకిలి - లీనా స్టెర్న్

ఆల్జైమర్, పార్కిన్సన్ జబ్బుల్లో మెదడు కణాలు ఎందుకు నశిస్తాయని అడిగితే, తక్కిన కారణాలతోపాటు శాస్త్రజ్ఞులు ఇవాళ రెండు సంగతులు చెబుతున్నారు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధం సడలటం ఒకటి, మెదడులో శోథ రగలటం రెండవది. ఆ అవరోధాన్ని గురించిన జ్ఞానం వెనుక ఒక స్త్రీ జీవితం ఉన్నది. అభ్యుదయవాదులమైన మనం ఆమెను గురించి అంతగా చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో కూడా చెప్పుకోవాలి.

1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులెక్కించి చూశాడు. అవయవాలన్నీ రంగు పట్టాయి. మెదడూ, వెన్నుపామూ పట్టలేదు. ఆ కణజాలానికి ఈ రంగులు అంటవు కాబోలునని ఆయన సరిపెట్టుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ నీలిరంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించాడు. ఈసారి మెదడు నీలమయింది, తక్కిన శరీరం కాలేదు. గురువుగారి వాదం శిష్యుడి చేతిలోనే వీగిపోయింది.

లీనా స్టెర్న్ 1878లో జారు సామ్రాజ్యపు బాల్టిక్ ప్రాంతంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. జెనీవాలో చదివి, 1918లో ఆ విశ్వవిద్యాలయానికి మొదటి మహిళా ప్రొఫెసరయింది. 1921లో గోతియేతో కలిసి ఈ అడ్డును ఫ్రెంచిలో ‘బారియేర్’ అన్నది. అవరోధమనగానే మనకు కోటగోడ స్ఫురిస్తుంది. కాని పాత పారిస్‌లో, నగరంలోకి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే వాకిళ్ళను బారియేర్‌లనేవారు. ఆమె మనసులో ఈ అర్థమే ఉన్నదని నేననను గాని, ఆమె శాస్త్రానికి సరిపోయే అర్థం ఇదే. మెదడు పరిసరాన్ని నిలకడగా ఉంచేందుకు కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని ఆపే సజీవ వ్యవస్థ అది. వ్యాధిలో దాని నడక మారుతుంది.

1967లో రీస్, కర్నోవ్‌స్కీలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ వాకిలి ఎక్కడున్నదో చూపించారు. మెదడు రక్తనాళాల లోపలి కణాలు సందులేకుండా అతుక్కుని ఉంటాయి. అవి గ్లూకోజును చేరవేస్తాయి. పార్కిన్సన్ జబ్బులో కొరవడే డోపమీన్‌ను రానీయవు, దాని పూర్వరూపమైన లెవోడోపాను రానిస్తాయి. (ఒంటికి తగిలితే దురదపెట్టే మన దూలగొండి ఉన్నదే, దాని గింజల్లో ఉండేది ఈ లెవోడోపాయే.)

1925లో స్టెర్న్ సోషలిజం మీది నమ్మకంతో జెనీవా ఉద్యోగం వదులుకొని మాస్కో వెళ్ళింది. 1939లో సోవియట్ సైన్సు అకాడమీకి పూర్తి సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమె. క్షయ మెదడు పొరలకు పాకిన రోగులకు స్ట్రెప్టోమైసిన్‌ను నేరుగా మెదడు ద్రవంలోకే ఎక్కించే పద్ధతిని నెలకొల్పింది. వాకిలి తెరుచుకోని చోట పెరటి దోవ పట్టటమన్నమాట! 1948లో ఆమె పరిశోధన సంస్థను మూసివేశారు. 1949 జనవరిలో ఆమెను అరెస్టు చేశారు. యుద్ధకాలంలో ప్రభుత్వమే ఏర్పరచిన యూదు ఫాసిస్టు వ్యతిరేక సంఘంలో ఆమె సభ్యురాలు. ఆ సంఘం కేసులో 1952 ఆగస్టు 12న పదముగ్గురిని కాల్చి చంపారు. శిక్షపడినవారిలో బతికి బయటపడింది డెబ్బైమూడేళ్ళ స్టెర్న్ ఒక్కతే. ఆమెకు మూడున్నరేళ్ళ జైలు, ఆపైన కజక్‌స్తాన్‌లోని జంబూల్‌లో ప్రవాసం. 1953లో స్టాలిన్ పోయిన తరువాత తిరిగివచ్చి, మళ్ళీ ప్రయోగశాలలో కూర్చుంది. 1968లో మరణించింది.

ఇదంతా శత్రువుల ప్రచారమని తోసివేసేవారు మనలో ఉన్నారు. ఆ తీర్పును 1955లో రద్దుచేసింది సోవియట్ సుప్రీంకోర్టు సైనిక విభాగమే. ఈ సంగతి దాచి సోవియట్ విజ్ఞానాన్ని పొగడటం స్టెర్న్‌కు రెండవసారి శిక్ష వేయటమే.

ఇక శోథ సంగతి. మెదడు తలుపులు మూసుకున్న ఇల్లనీ, రోగనిరోధక వ్యవస్థకు అక్కడ పని లేదనీ చాలాకాలం అనుకున్నారు. 1988లో కెనడాలో మెగీర్ దంపతుల బృందం పార్కిన్సన్, ఆల్జైమర్ రోగుల మెదళ్ళలో రెచ్చిపోయిన మైక్రోగ్లియాను చూపించింది. ఇవి మెదడులోని కావలి కణాలు. వీటినుంచి వెలువడే పదార్థాలు నాళాల అతుకులను వదులు చేస్తాయి. ఆ సందుల్లోంచి ఫైబ్రినోజెన్ వంటి రక్తపు ప్రొటీన్లు లోపలికి జారి, ఆ కావలి కణాలనే ఇంకా రెచ్చగొడతాయి. ఏది ముందు, ఏది వెనుక అన్న తగవు ఇంకా తీరలేదు. 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు బతికున్న మనుషులనే ఎం.ఆర్.ఐ.తో పరీక్షించారు. జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్‌లో ఈ అతుకులు వయసుతోపాటు సడలుతున్నాయనీ, మతిమరుపు మొదలైనవారిలో మరింతగా సడలుతున్నాయనీ తెలిపారు.